కాలిఫోర్నియా గడప దాటని కప్పు: అమెరికా కాలేజీ వాటర్ పోలో ఎందుకిలా ఉంది?

క్లుప్తంగా

అమెరికాలో జాతీయ కాలేజీ పురుషుల వాటర్ పోలో చాంపియన్‌షిప్ 1969లో మొదలైంది. 2024 వరకు 56 సార్లు జరిగింది. 56 సార్లూ కప్పు కాలిఫోర్నియాలోని యూనివర్సిటీలకే దక్కింది. బయటి రాష్ట్రాల జట్టు ఒక్కటి కూడా ఫైనల్ వరకు రాలేదు. ఈ తేడా కాలేజీలో మొదలయ్యేది కాదు. స్కూల్ పూల్స్ దగ్గర మొదలై, క్లబ్బులు, కోచ్‌లు, స్కాలర్‌షిప్‌ల మీదుగా పెరుగుతూ వస్తుంది. 2025లో కోర్టు ఆమోదించిన ఒక ఒప్పందం కాలేజీ క్రీడల డబ్బు లెక్కలను మార్చేసింది. ఈ టోర్నీ భవిష్యత్తు ఇప్పుడు పూల్‌లో జరిగే ఆట కంటే ఆ లెక్కల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ఏడు యూనివర్సిటీలు, 56 కప్పులు

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఏటా డిసెంబర్‌లో ఈ టోర్నీ నిర్వహిస్తుంది. 2024 వరకు గెలిచిన యూనివర్సిటీలు ఏడే. బర్కిలీలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు 17 టైటిళ్లు. క్రీడాభిమానులు దాన్ని కాల్ అనే పిలుస్తారు. యూసీఎల్ఏకు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, లాస్ ఏంజెలెస్) 13, స్టాన్‌ఫర్డ్‌కు 11, యూఎస్‌సీకి (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) 10, యూసీ ఇర్వైన్‌కు 3 ఉన్నాయి. పెపర్‌డైన్, యూసీ శాంటా బార్బరా ఒక్కోసారి గెలిచాయి. అంటే 56లో 51 టైటిళ్లు మొదటి నాలుగు యూనివర్సిటీలవే. ఈ నలుగురు కాకుండా మరొకరు చివరిసారి గెలిచింది 1997లో, అప్పుడు పెపర్‌డైన్. ఆ తర్వాత 2024 దాకా 27 ఏళ్లూ కప్పు ఈ నాలుగు చేతుల మధ్యే తిరిగింది.

ఈ నాలుగింటి ఆధిపత్యం ఎంత గట్టిదో యూఎస్‌సీ ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. 2005 నుంచి 2018 వరకు వరసగా 14 ఫైనల్స్ ఆడింది. వాటిలో ఎనిమిది గెలిచింది. అందులో 2008 నుంచి 2013 వరకు గెలిచిన ఆరు టైటిళ్లు ఏకధాటిగా వచ్చినవే. యూసీఎల్ఏ 2015 సీజన్‌ను ఓటమి అన్నది లేకుండా ముగించింది. దాని విజయ పరంపర 57 మ్యాచ్‌ల వరకు సాగాక 2016లో తెగింది.

అలాగని ఫైనల్స్ ఏకపక్షంగా ఉంటాయనుకుంటే పొరపాటే. 2021, 2022ల్లో రెండుసార్లూ యూఎస్‌సీపై కాల్ గెలిచింది 13-12 తేడాతో, అంటే ఒక్క గోల్‌తో. 2013లో యూఎస్‌సీ ఆరో వరస టైటిల్ కోసం పసిఫిక్ యూనివర్సిటీతో అదనపు సమయం దాకా పోరాడి 12-11తో బయటపడింది. ఆ పసిఫిక్ కూడా కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌దే. రాష్ట్రం లోపల పోటీ నువ్వా నేనా అన్నట్టు ఉంటుంది. రాష్ట్రం దాటితే ఆ స్థాయి పోటీయే దొరకదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడమే ఈ టోర్నీలో వింత.

నీళ్లలో నిలబడటమే మొదటి పరీక్ష

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు ఆట గురించి కొంచెం చెప్పుకోవాలి. ఒక్కో జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి ఏడుగురు నీళ్లలో ఉంటారు. ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతి చేతికొచ్చాక 30 సెకన్లలోపు గోల్‌పైకి కొట్టాలి. గోల్‌కీపర్ తప్ప మరెవరూ బంతిని రెండు చేతులతో పట్టుకోకూడదు. కాళ్లు నేలకు ఆనకూడదు. అందుకే పెద్ద పోటీలకు కనీసం రెండు మీటర్ల లోతు ఉండే పూల్ కావాలి.

ఆటగాడు నీళ్లపైన తేలుతున్నట్టు కనిపించినా కింద కాళ్లు క్షణం ఆగవు. కుడికాలు, ఎడమకాలు ఒకదాని తర్వాత ఒకటి వృత్తాకారంలో తిరుగుతూ శరీరాన్ని పైకి నెడుతుంటాయి. దీన్నే ఎగ్‌బీటర్ కిక్ అంటారు. షాట్ కొట్టే క్షణంలో ఆటగాడు నడుము దాకా పైకి లేస్తాడంటే అది ఈ కాళ్ల బలమే. గోల్ ముందు వీపు పెట్టి నిలబడే సెంటర్ పని ఇంకా కష్టం. వెనక నుంచి డిఫెండర్ తోస్తుంటాడు, నీళ్ల కింద పట్టు పడుతుంటాడు. అయినా బంతి కోసం ఒక చెయ్యి పైకెత్తి ఉంచాలి. రిఫరీ పెద్ద ఫౌల్ ఇచ్చాడంటే తప్పు చేసినవాడు 20 సెకన్లు బయటికి వెళ్లాలి. అప్పుడు ఆరుగురు ఐదుగురి మీద దాడి చేస్తారు. అలాంటి ఫౌళ్లు మూడైతే ఆ ఆటగాడికి ఆ రోజుకు ఆట ముగిసినట్టే. దగ్గరి మ్యాచ్‌లు చాలావరకు తేలేది ఈ 20 సెకన్ల ముక్కల్లోనే.

ఇది 18 ఏళ్లకు కాలేజీలో చేరాక మొదలుపెట్టి నేర్చుకునే విద్య కాదు. మంచి ఈతగాడు ఒక సీజన్‌లో నిబంధనలు నేర్చుకోగలడు. కానీ మనిషి మీద పడుతుంటే తల పైకెత్తి ఆట చూడటం, ఫౌల్ ఎప్పుడొస్తుందో పసిగట్టడం, ఒంటిచేత్తో బంతిని అదుపు చేయడం ఏళ్ల తరబడి సాధన చేస్తేనే వస్తాయి. పదేళ్లకో పన్నెండేళ్లకో నీళ్లలోకి దిగినవాడికి, పదిహేడేళ్లకు దిగినవాడికి మధ్య ఉన్న దూరాన్ని కాలేజీ కోచ్ ఎంత గొప్పవాడైనా పూడ్చలేడు.

పూల్ ఎక్కడుంటే ఆట అక్కడ

ఆ పదేళ్ల పిల్లవాడికి దారి ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న. కాలిఫోర్నియాలో ఆ దారి ఇంటి పక్కనే ఉంటుంది. దక్షిణ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ, లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో, ఉత్తరాన శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఎన్నో హైస్కూళ్లకు సొంత పూల్స్ ఉన్నాయి. వాతావరణం అనుకూలం కాబట్టి వాటికి పైకప్పు అక్కర్లేదు. ఏడాది పొడవునా ఆరుబయటే ప్రాక్టీస్ నడుస్తుంది. మంచు కురిసే రాష్ట్రంలో అంతే పెద్ద పూల్‌కు భవనం కట్టాలి, గాలి, వేడి, తేమ అదుపు చేసే యంత్రాలు పెట్టాలి. నిర్వహణ ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ ఖర్చుకు భయపడి చాలా స్కూళ్లు ఈత వరకు సరిపోయే చిన్న పూల్‌తోనో, అసలు పూల్ లేకుండానో సరిపెట్టుకుంటాయి.

పూల్ ఒక్కటే ఉంటే సరిపోదు. హైస్కూల్ క్రీడల సంఘం వాటర్ పోలోను అధికారిక క్రీడగా గుర్తించాలి. అప్పుడే స్కూల్ కోచ్‌ను పెడుతుంది, లీగ్ నడుస్తుంది, పిల్లవాడికి ఏటా పాతిక ముప్పై మ్యాచ్‌లు దొరుకుతాయి. కాలిఫోర్నియాలో ఈ గుర్తింపు ఎప్పటి నుంచో ఉంది. దేశంలో వాటర్ పోలో ఆడే హైస్కూల్ విద్యార్థుల్లో అత్యధికులు ఆ రాష్ట్రం వాళ్లే. న్యూపోర్ట్ హార్బర్, మేటర్ డే, హార్వర్డ్-వెస్ట్‌లేక్ లాంటి స్కూళ్ల మధ్య జరిగే పోటీలు తూర్పు తీరంలోని కొన్ని కాలేజీ మ్యాచ్‌లకు తీసిపోవు.

స్కూల్ సీజన్ అయిపోగానే క్లబ్ సీజన్ మొదలవుతుంది. జాతీయ సమాఖ్య యూఎస్ఏ వాటర్ పోలో ప్రధాన కార్యాలయం కూడా కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లోనే ఉంది. నేరుగా పెద్ద యూనివర్సిటీలో చోటు దొరకనివాళ్లకు కమ్యూనిటీ కాలేజీలున్నాయి. అక్కడ రెండేళ్లు ఆడి, తర్వాత యూనివర్సిటీకి మారొచ్చు. ఈ రెండో మెట్టు వేరే రాష్ట్రాల్లో దాదాపు లేదు. పిల్లవాడు 18 ఏళ్లకు జట్టులోంచి జారిపోయినా ఆట నుంచి జారిపోకుండా కాపాడేది ఇదే.

కోచ్‌ల సంగతి కూడా అంతే. కాలేజీలో ఆడినవాళ్లు చదువయ్యాక చుట్టుపక్కల స్కూళ్లలో, క్లబ్బుల్లో శిక్షణ ఇస్తారు. వాళ్ల శిష్యులు మళ్లీ అవే కాలేజీలకు వెళ్తారు. ఇలా ఒక తరం చేతుల మీదుగా మరో తరం తయారవుతూ యాభై ఏళ్లు దాటింది. మొదటి తరంలో కాల్ కోచ్ పీట్ కుటీనో ప్రభావం చాలా పెద్దది. కాలేజీలో ఏడాది ఉత్తమ వాటర్ పోలో ఆటగాడికి, ఆటగత్తెకు ఇచ్చే అవార్డు ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది.

మహిళల జాతీయ టోర్నీని ఈ వాదనకు పరీక్షగా చూడొచ్చు. ఎన్‌సీఏఏ దాన్ని 2001లో, అంటే పురుషుల టోర్నీకి మూడు దశాబ్దాల తర్వాత మొదలుపెట్టింది. అక్కడ కూడా కప్పు కాలిఫోర్నియా దాటలేదు. వేరే ఆటగాళ్లు, వేరే కోచ్‌లు, వేరే కాలం, అయినా ఫలితం ఒకటే. కాబట్టి ఇది ఒక కోచ్ గొప్పతనమో, ఒక జట్టు అదృష్టమో కాదు. కింది నుంచి పైదాకా ఉన్న ఏర్పాటే ఈ ఫలితాన్ని ఇస్తోంది.

టోర్నీలోకి దారి ఎలా దొరుకుతుంది?

ఎన్‌సీఏఏలో యూనివర్సిటీలు, కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి. పెద్ద క్రీడల్లో ఒక్కో డివిజన్‌కు వేరే జాతీయ టోర్నీ ఉంటుంది. పురుషుల వాటర్ పోలో ఆడే కాలేజీలు దేశం మొత్తం మీద యాభైకి అటూఇటూ మాత్రమే. అందుకే మూడు డివిజన్లకూ కలిపి ఒకే చాంపియన్‌షిప్ జరుగుతుంది. దీనివల్ల క్రీడా స్కాలర్‌షిప్పే లేని పొమోనా-పిట్జర్ లాంటి చిన్న కాలేజీల జట్టు కూడా దిగ్గజ యూనివర్సిటీలతో ఒకే టోర్నీలో తలపడే వీలుంది. చిన్న కాలేజీలకు విడిగా ఒక వేదిక ఉండాలని యూఎస్ఏ వాటర్ పోలో 2019 నుంచి డివిజన్ 3 జట్లకు ప్రత్యేకంగా టోర్నీ జరుపుతోంది.

జాతీయ టోర్నీలో చోటు రెండు రకాలుగా వస్తుంది. గుర్తింపు ఉన్న ప్రాంతీయ లీగ్ గెలిస్తే నేరుగా వస్తుంది. మిగిలిన ఒకటి రెండు చోట్లకు ఎంపిక కమిటీ ఆ సీజన్ ఫలితాలు చూసి జట్లను పిలుస్తుంది. తొంభైల మధ్య నుంచి 2012 వరకు టోర్నీలో నాలుగే జట్లు ఉండేవి. మూడు లీగ్ విజేతలు, కమిటీ పిలిచే మరో జట్టు. కాల్, స్టాన్‌ఫర్డ్, యూసీఎల్ఏ, యూఎస్‌సీ నాలుగూ ఒకే లీగ్‌లో, అంటే మౌంటెన్ పసిఫిక్ ఫెడరేషన్‌లో ఉన్నాయి. ఫలితంగా దేశంలో మూడో ర్యాంకు, నాలుగో ర్యాంకు జట్లు ఇంట్లో కూర్చుంటే, వాటికంటే ఎంతో బలహీనమైన తూర్పు జట్టు సెమీఫైనల్ ఆడేది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇక్కడ మాత్రం ఇంట గెలవడమే రచ్చ గెలవడం కంటే కష్టమైన పని.

ఈ పద్ధతి మీద రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. అత్యుత్తమ జట్లే ఆడాలంటే టోర్నీ మొత్తం కాలిఫోర్నియా రాష్ట్ర పోటీ అయిపోతుంది. అన్ని ప్రాంతాలకూ చోటివ్వాలంటే మొదటి రౌండ్లలో పది గోల్స్ తేడాతో ముగిసే మ్యాచ్‌లు తప్పవు. 2013లో జట్ల సంఖ్యను ఆరుకు పెంచారు, తర్వాత ఇంకొంత పెంచారు. ఆ పెంపు సరైన నిర్ణయమనే చెప్పాలి. తూర్పు జట్లకు దారి మూయకుండానే బలమైన పశ్చిమ జట్లకు చోటు పెరిగింది. ఓటమి పెద్దదైనా ఏటా ఒకసారి ఆ స్థాయి ఆట రుచి చూడకపోతే ప్రిన్స్‌టన్, ఫోర్డ్‌హామ్, నేవీ (అమెరికా నావల్ అకాడమీ) లాంటి తూర్పు జట్లు ఎదగడానికి కొలమానమే ఉండదు.

ఫుట్‌బాల్ డబ్బు మీద బతికే ఆట

అమెరికా కాలేజీల్లో డబ్బు తెచ్చేది ప్రధానంగా అమెరికన్ ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్. టీవీ హక్కుల నుంచి వాటికొచ్చే ఆదాయంతోనే వాటర్ పోలో, ఈత, వాలీబాల్, జిమ్నాస్టిక్స్ లాంటివి నడుస్తాయి. వాటర్ పోలో టికెట్ల మీద వచ్చేది పూల్ కరెంటు బిల్లుకు కూడా చాలదు. ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నామో వాళ్ల ఇంట్లో గొడవ మన ఇంట్లో గొడవే అవుతుంది. గత కొన్నేళ్లలో సరిగ్గా అదే జరిగింది.

మొదటి దెబ్బ లీగ్‌ల తారుమారు. పశ్చిమ తీర యూనివర్సిటీల పాత కూటమి పాక్-12 టీవీ ఒప్పందాల పోటీలో నిలవలేక చెదిరిపోయింది. 2024లో యూసీఎల్ఏ, యూఎస్‌సీ బిగ్ టెన్ అనే లీగ్‌లోకి, కాల్, స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరపు ఏసీసీలోకి వెళ్లాయి. ఫుట్‌బాల్ జట్టు ఇప్పుడు దేశం ఈ చివర నుంచి ఆ చివరనున్న న్యూజెర్సీ దాకా ఆడటానికి వెళ్తోంది. కానీ బిగ్ టెన్, ఏసీసీ రెండూ వాటర్ పోలో నడపవు. దాంతో ఈ నాలుగు జట్లూ వాటర్ పోలో వరకు పాత మౌంటెన్ పసిఫిక్‌లోనే కలిసి ఆడుతున్నాయి. పెద్ద క్రీడల్లో తెగిన బంధం ఈ చిన్న ఆటలో మాత్రం నిలిచింది.

రెండో దెబ్బ ఇంకా పెద్దది. కాలేజీ ఆటగాళ్లకు ఆదాయంలో వాటా ఇవ్వాలంటూ వేసిన దావాలో కుదిరిన ఒప్పందాన్ని ఫెడరల్ జడ్జి 2025 జూన్‌లో ఆమోదించారు. దీని ప్రకారం పాత ఆటగాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలి. అంతేకాదు, ఒప్పందంలో చేరిన ఒక్కో యూనివర్సిటీ 2025-26లో తన ఆటగాళ్లకు నేరుగా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు చెల్లించవచ్చు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే వెళ్తుంది. వాళ్లు తెచ్చిన డబ్బులో వాళ్లకు వాటా దక్కడం న్యాయమే. అయితే ఆ మొత్తాన్ని యూనివర్సిటీ ఎక్కడో ఒకచోట కోత పెట్టి తేవాలి. ఇన్నాళ్లూ చిన్న క్రీడలకు పారిన కాలువకే ఇప్పుడు గండి పడుతోంది.

స్కాలర్‌షిప్ లెక్క కూడా మారింది. ఇదివరకు డివిజన్ 1లో పురుషుల వాటర్ పోలో జట్టు మొత్తానికి నాలుగున్నర పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన డబ్బే అనుమతి. దాన్ని కోచ్ ఇరవై మందికి పైగా ఆటగాళ్లకు ముక్కలుగా పంచేవాడు. ఒకరికి సగం, ఇంకొకరికి పావు, చాలామందికి ఏమీ ఉండదు. ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు ఇప్పుడు ఆ పరిమితి పోయి, జట్టులో 24 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. డబ్బున్న యూనివర్సిటీ 24 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, లేనిది ఎవరికీ ఇవ్వకపోవచ్చు. ఇదివరకు స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టుతో కలిసి ప్రాక్టీస్ చేస్తూ, రెండు మూడేళ్లకు తుదిజట్టులోకి ఎదిగే కుర్రాళ్లు ఉండేవారు. 24 మంది పరిమితి ముందుగా తాకేది వాళ్లనే.

తూర్పున ఉన్న పాత ప్రైవేటు యూనివర్సిటీల కూటమి ఐవీ లీగ్‌లోని హార్వర్డ్, ప్రిన్స్‌టన్, బ్రౌన్ క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు. అవసరాన్ని బట్టి ఆర్థిక సహాయం మాత్రమే ఇస్తాయి. డివిజన్ 3 కాలేజీలదీ అదే దారి. నావల్ అకాడమీలో చదువు ఉచితం కానీ ఆ తర్వాత సైనిక సేవ తప్పనిసరి. కాబట్టి ఒప్పందం వల్ల తలకిందులయ్యేది ప్రధానంగా పశ్చిమ దిగ్గజాల లెక్కలే. ఇది తూర్పుకు మేలు చేస్తుందనుకోవడానికి మాత్రం లేదు. అక్కడ సమస్య వేరు, జట్టు ఉంటుందా లేదా అన్నదే. న్యూయార్క్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ బ్రూక్లిన్ యూరప్ ఆటగాళ్ల బలంతో ఒకప్పుడు జాతీయ సెమీఫైనల్స్ దాకా వచ్చింది. 2023లో ఆ కాలేజీ ఖర్చు భరించలేక వాటర్ పోలోతో సహా అన్ని క్రీడా జట్లనూ ఒకేసారి రద్దు చేసింది.

సీటుకు దారిగా ఆట

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ ఆట పరిచయమయ్యేది టీవీలో కాదు, పిల్లల హైస్కూల్లో. ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రమోన్, ఇర్వైన్ లాంటి తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలోని హైస్కూళ్లలో వాటర్ పోలో జట్లు మామూలే. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ, యూసీఎల్ఏ పేర్లు వినగానే అడ్మిషన్ ఆలోచన వస్తుంది. ఈ ఆట ఆడితే సీటు సులువవుతుందా అన్న ప్రశ్న అక్కడి తల్లిదండ్రుల మధ్య తరచూ నలుగుతుంది.

కోచ్ కోరుకున్న ఆటగాడికి అడ్మిషన్‌లో బలమైన మద్దతు దొరికే మాట వాస్తవం. అయితే ఒక్కో జట్టు ఏటా చేర్చుకునేది కొద్దిమందినే. వాళ్లు కూడా ఎక్కువగా రాష్ట్రంలో పేరున్న స్కూళ్లు, జాతీయ జూనియర్ శిబిరాల నుంచి వచ్చినవాళ్లు, లేదా విదేశీ జూనియర్ అంతర్జాతీయ ఆటగాళ్లు. కేవలం సీటు కోసం తొమ్మిదో తరగతిలో ఆట మొదలుపెట్టిన పిల్లవాడికి ఈ నాలుగు యూనివర్సిటీల జట్టులో చోటు దొరకడం దాదాపు అసాధ్యం. ఆట మీద ఇష్టం ఉంటే డివిజన్ 3 కాలేజీలు, కాలేజీ క్లబ్ జట్లు ఉన్నాయి. ఆ దారి చాలా విశాలమైంది, దానికి రావలసినంత గుర్తింపు రావడం లేదు.

అడ్మిషన్‌లో ఈ మద్దతు విలువ ఎంతో 2019లో బయటపడిన అడ్మిషన్ కుంభకోణం చూపించింది. డబ్బున్న తల్లిదండ్రులు పిల్లలను ఆటగాళ్లుగా నమ్మించి సీట్లు కొన్న కేసు అది. ఒక తండ్రి ఆన్‌లైన్‌లో వాటర్ పోలో సామగ్రి కొని, ఎన్నడూ ఆడని కొడుకు ఫొటోను గ్రాఫిక్ డిజైనర్‌తో మార్పించాడు. అబ్బాయి నీళ్లపైకి మరీ ఎత్తుగా ఉన్నాడని, ఎవరూ అంత పైకి లేవరని మధ్యవర్తి చెప్పడంతో, ఒళ్లు నీళ్లలో మునిగి ఉన్నట్టు ఫొటోను మళ్లీ దిద్దించారు. ఏళ్ల తరబడి కాళ్లు అరిగేలా సాధన చేసిన పిల్లల చోటును ఆ దిద్దిన ఫొటో కాజేసింది. ఆ కేసు తర్వాత చాలా యూనివర్సిటీలు కోచ్ సిఫారసులను వేరొకరితో తనిఖీ చేయించడం మొదలుపెట్టాయి.

యూరప్ పోటీ, ఒలింపిక్ ఫలితం

పురుషుల వాటర్ పోలోలో ప్రపంచ బలం ఇప్పటికీ యూరప్‌దే. 2016, 2020, 2024 ఒలింపిక్స్‌లో మూడుసార్లూ స్వర్ణం సెర్బియా గెలిచింది. హంగరీ, క్రొయేషియా, గ్రీస్, ఇటలీ, స్పెయిన్‌లలో ఆట క్లబ్బుల చుట్టూ తిరుగుతుంది. ప్రతిభ ఉన్న కుర్రాడు 16, 17 ఏళ్లకే పెద్దవాళ్ల లీగ్‌లో ఆడతాడు. అమెరికాలో అదే వయసువాడు స్కూల్ జట్టులో ఉంటాడు, 22 ఏళ్ల వరకు కాలేజీలో ఉంటాడు. కాలేజీ సీజన్ సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకే. మిగతా ఏడాదంతా ఆ స్థాయి మ్యాచ్‌లు దొరకవు. జాతీయ జట్టు ఎదగడానికి ఇది పెద్ద అడ్డంకి అని కోచ్‌లు ఎప్పటి నుంచో అంటున్నారు.

మరోవైపు యూరప్ క్లబ్ ఇవ్వలేనిది కాలేజీ ఇస్తుంది, అది డిగ్రీ. అందుకే గ్రీస్, సెర్బియా, హంగరీ, ఆస్ట్రేలియా కుర్రాళ్లు కాలిఫోర్నియాకు వస్తున్నారు. వాళ్ల రాకతో కాలేజీ మ్యాచ్ స్థాయి పెరిగింది. స్థానిక కుర్రాళ్లకు చోటు తగ్గిందన్న అసంతృప్తీ ఉంది. 24 మంది పరిమితి వచ్చాక ఈ వాదన ఇంకా వేడెక్కుతుంది. పరిమితి తెచ్చింది విదేశీ ఆటగాళ్లు కాదు కాబట్టి కోపం వాళ్ల మీద చూపడం సరికాదు.

2024 పారిస్‌లో అమెరికా పురుషుల జట్టు కాంస్యం గెలిచింది. 2008 రజతం తర్వాత అదే మొదటి పతకం. హంగరీతో పోటీ షూటవుట్ దాకా వెళ్లింది. అక్కడ గోల్‌ను కాపాడిన ఏడ్రియన్ వైన్‌బర్గ్ కాల్ ఆటగాడు. బెన్ హాలక్, అలెక్స్ బోవెన్ స్టాన్‌ఫర్డ్ నుంచి, హాన్నెస్ డాబే యూఎస్‌సీ నుంచి వచ్చినవాళ్లు. జాతీయ జట్టుకు ఆటగాళ్లు ఎక్కువగా ఈ నాలుగు పూల్స్ నుంచే వస్తున్నారు. అందుకే ఏ యూనివర్సిటీ అయినా ఈ జట్టును రద్దు చేయాలనుకుంటే అది ఒక కాలేజీ వ్యవహారంగా మిగలదు.

మన దేశంలో పోలిక

ఒక ఆట కొన్ని ప్రాంతాలకే పరిమితం కావడం మనకు కొత్త కాదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్ వాటర్ పోలో స్వర్ణం గెలిచింది. 1970లో రజతం, 1982లో కాంస్యం వచ్చాయి. 1948, 1952 ఒలింపిక్స్‌లో ఆడింది, ఆ తర్వాత మళ్లీ ఒలింపిక్స్ గడప తొక్కలేదు. దేశంలో బలమైన జట్లు సర్వీసెస్, రైల్వేస్, కేరళ, బెంగాల్. కేరళ, బెంగాల్‌లలో ఆట నిలిచిందంటే అక్కడ ఈత జనజీవితంలో భాగం, స్థానిక క్లబ్బులున్నాయి. సర్వీసెస్, రైల్వేస్‌లో నిలిచిందంటే ఉద్యోగ భద్రత ఉంది. కాలిఫోర్నియాలో స్కూలు చేస్తున్న పనిని ఇక్కడ ఉద్యోగం చేస్తోంది.

తెలుగు రాష్ట్రాల్లో పూల్ అసలే లేదని కాదు. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో పెద్ద ఈతకొలనుల సముదాయం కట్టారు. అయితే ఒక నగరంలో ఒక పెద్ద పూల్ ఉండటం వేరు, పదిహేను కిలోమీటర్ల లోపల పది స్కూళ్లకు లోతైన పూల్స్, ప్రతి శనివారం మ్యాచ్ ఉండటం వేరు. వాటర్ పోలోకు కావలసింది రెండోదే. పోటీపడటానికి పక్కనే ఇంకో జట్టు లేకపోతే మంచి కోచ్ చేతిలో ఉన్న జట్టు కూడా రెండేళ్లలో చెదిరిపోతుంది.

ఇక గమనించాల్సినవి

మార్పుకు మొదటి సూచన టెక్సస్ నుంచి వస్తోంది. అక్కడి హైస్కూల్ క్రీడల సంఘం 2022-23 నుంచి వాటర్ పోలోను అధికారిక క్రీడగా చేర్చింది. టెక్సస్‌లో ఎన్నో స్కూల్ జిల్లాలకు పెద్ద ఇండోర్ పూల్స్ ఉన్నాయి, ఖర్చు పెట్టగల స్తోమత ఉంది. కాలిఫోర్నియా తర్వాత అంత పెద్ద రాష్ట్రం ఈ ఆటను స్కూళ్లలోకి తెచ్చింది ఇదే. ఫలితం కాలేజీ స్థాయిలో కనిపించాలంటే కనీసం పదేళ్లు పడుతుంది. పైగా టెక్సస్‌లోని పెద్ద యూనివర్సిటీలకు పురుషుల వాటర్ పోలో జట్లు లేవు. అవి రాకపోతే అక్కడ తయారైన మంచి కుర్రాళ్లు కూడా బర్కిలీకో లాస్ ఏంజెలెస్‌కో వెళ్తారు. అప్పుడు టెక్సస్ ఎదుగుదల కాలిఫోర్నియా బలాన్నే పెంచుతుంది.

రెండోది ఆట కొలతలు. ప్రపంచ సమాఖ్య 2025లో పురుషుల ఆట స్థలం పొడవును 30 మీటర్ల నుంచి 25 మీటర్లకు తగ్గించింది, షాట్ సమయాన్ని 25 సెకన్లకు కుదించింది. కాలేజీలూ అదే దారి పడితే పాతిక గజాల ఇండోర్ పూల్స్‌లో సాధన చేసే తూర్పు జట్లకు కొంత ఊరట. పెద్ద పూల్‌లో ఈత వేగంతో గెలిచే పశ్చిమ జట్ల ఆధిక్యం కొద్దిగా తగ్గొచ్చు. కప్పు చేతులు మారేంత తేడా మాత్రం రాదు.

అన్నిటికంటే దగ్గరగా చూడాల్సింది జట్ల సంఖ్య. లీగ్ విజేతకు జాతీయ టోర్నీలో నేరుగా చోటు దక్కాలంటే ఆ లీగ్‌లో సాధారణంగా కనీసం ఆరు జట్లుండాలి. తూర్పున ఒక లీగ్‌లో ఒకటి రెండు కాలేజీలు ఆట మానేస్తే ఆ లీగ్ చోటు పోతుంది. చోటు పోయిన లీగ్‌లో మిగిలిన కాలేజీలకు జట్టును కొనసాగించాలన్న కారణం బలహీనపడుతుంది. 2025-26 బడ్జెట్ల తర్వాత ఏయే యూనివర్సిటీలు పురుషుల వాటర్ పోలోను ఉంచుతాయి, ఏవి క్లబ్ స్థాయికి దించుతాయి అన్నదాన్ని బట్టి ఈ టోర్నీలో కాలిఫోర్నియా బయటి జట్లు ఎన్ని మిగులుతాయో తేలుతుంది.